సవరణ: గేమ్ ఆడటమే జూద వ్యసనం కాదు

మొన్న ఆదివారం పోస్టులో "వీడియో గేములు ఆడటమూ జూదం లాంటి వ్యసనమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చేసింది" అని రాశాను. అది తప్పు. ఒక వాట్సాప్ ఫార్వర్డ్ నమ్మి రాసేశాను. సైకియాట్రీ చదువుతున్న స్నేహితురాలు చెప్పాక అసలు పాఠం చదివాను.

ఆ సంస్థ 2019లో ఆమోదించిన, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో ఉన్నది 'గేమింగ్ డిజార్డర్'. జూద వ్యసనం, ఇదీ ఒకే విభాగంలో పక్కపక్కనే ఉంటాయి, కానీ వేర్వేరు. ఆటపై అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం... ఇవన్నీ సాధారణంగా ఏడాది పాటు ఉంటేనే ఆ పేరు పెడతారు. రోజుకు ఇన్ని గంటలు దాటితే జబ్బు అన్న లెక్క అందులో లేదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన మానసిక రుగ్మతల పుస్తకం డీఎస్ఎం-5 అయితే జూదాన్ని వ్యసనాల్లో చేర్చి, ఇంటర్నెట్ గేమింగ్‌పై ఇంకా పరిశోధన కావాలంది.

గేముల్లోని లూట్ బాక్సులు జూదం లాంటివేనని రాసింది మాత్రం మార్చడం లేదు. డబ్బు కట్టి, లోపల ఏముందో తెలియని పెట్టె తెరవడం అది. కొన్ని పేరున్న గేముల్లోని ఈ పెట్టెలు జూదం చట్టం కిందికే వస్తాయని బెల్జియం గేమింగ్ కమిషన్ 2018లో చెప్పింది. మా మేనల్లుడు "ఇదొక్కటే అత్తా, ఈసారి పక్కా" అంటూ యూపీఐ పిన్ కొట్టమని ఫోన్ చాపినప్పుడు, సంక్రాంతికి పేకాటలో కూర్చున్న మా బాబాయి గొంతే వినిపించింది.

పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను.