మూడో పేజీలోనే పట్టేశాను

సస్పెన్స్ నవలలు చదివేవాళ్ళకు నూరేళ్ళుగా అన్యాయం జరుగుతోంది. నవల్లో నేరం చేసినవాడికి లాయరుంటాడు, చచ్చినవాడి తరఫున డిటెక్టివుంటాడు. డబ్బిచ్చి పుస్తకం కొని, కంచంలో అన్నం చల్లారుతున్నా లేవకుండా చదివినవాడి తరఫున మాట్లాడే దిక్కు లేదు. ఆ వకాల్తా నేను పుచ్చుకుంటున్నాను. ముద్దాయి ఆగథా క్రిస్టీ. 1890లో ఇంగ్లండులోని టార్కీలో పుట్టి, 66 డిటెక్టివ్ నవలలు రాసి, 1976లో పోయారు. పోయినవాళ్ళ మీద కేసేమిటని ఒక మిత్రుడు అడ్డుపడ్డాడు. ఆవిడ కేసులన్నీ మొదలయ్యేది ఎవరో ఒకరు పోయాకే కదా!

పాఠకుల ఫిర్యాదులన్నీ వడపోస్తే రెండు తేలాయి. ఒకటి: హంతకుడెవరో నాకు ముందే తెలిసిపోయింది, కాబట్టి నవల తుస్సు. రెండోది: చివరిదాకా తెలియలేదు, కాబట్టి రచయిత్రి మోసం చేసింది. ఈ రెండూ ఒకే మనిషి ఒకే నవల మీద చెయ్యడం నేను చెవులారా విన్నాను. కాఫీకి ముందు ఒకటి, తర్వాత ఒకటి.

1926లో వచ్చిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్' మీద పడ్డది రెండో రకం. అందులో హంతకుడెవరో నేను చెప్పను. నేను చెప్పకపోయినా మీకు తెలిసే ఉంటుంది. చదవనివాళ్ళకు చెప్పేదాకా నిద్రపట్టని చదివినవాడు ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు. ఆ ముగింపు చూసి ఇది ఆట నియమాలకు విరుద్ధమని అప్పట్లో కొందరు గగ్గోలు పెట్టారు. తోటి రచయిత్రి డొరతీ సేయర్స్ మాత్రం, అందర్నీ అనుమానించడం పాఠకుడి పనే కదా అని వాళ్ళ నోరు మూయించబోయింది. భోజనాల దగ్గర గారె చిన్నదైందేమని అనుమానించే వియ్యాలవారిని చూసి ఎరిగిన మనకు ఈ మాట కొత్త కాదుగానీ, పాపం ఇంగ్లీషువాళ్ళకు కొత్త. మరో 19 ఏళ్ళకు, 1945లో, అమెరికా విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ అసలు అక్రాయిడ్‌ను ఎవడు చంపితే ఎవడిక్కావాలి అని ఏకంగా ఒక వ్యాసమే రాశాడు. అక్కర్లేని సంగతి గురించి అంత ఓపిగ్గా రాశాడంటే ఆయనక్కూడా మూడో పేజీలో దొరకలేదన్నమాట. నా అనుమానం నాది.

అదే 1926 డిసెంబరులో రచయిత్రే మాయమైపోయింది. ఖాళీ కారు సర్రీలో దొరికింది. పోలీసులు, జనం తుప్పలన్నీ గాలించారు. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కానన్ డాయిల్ ఆవిడ చేతి తొడుగు ఒకటి సంపాదించి ఆత్మలతో మాట్లాడేవాళ్ళకు ఇచ్చి చూశాడు. హోమ్స్ ఉంటే ఎంత సిగ్గుపడేవాడో! 11 రోజులకు హారొగేట్‌లో ఒక హోటల్లో కనబడింది. అక్కడ ఆవిడ రాయించుకున్న ఇంటిపేరు భర్తగారు మనసుపడ్డ అమ్మాయిది. జ్ఞాపకశక్తి పోయిందన్నారు ఇంట్లోవాళ్ళు. పుస్తకాలు అమ్ముకోవడానికి ఆడిన నాటకమన్నారు పాఠకులు. ఒక ఆడమనిషి కాపురం కూలిపోతుంటే దాన్నీ నవల్లాగే చదివి, మలుపు బాగాలేదని పెదవి విరిచే తీరిక ఒక్క పాఠకుడికే ఉంటుంది. ఆ 11 రోజుల సంగతి ఆవిడ ఆత్మకథలో ఎక్కడా లేదు. అద్దె పుస్తకంలో చివరి పేజీ చినిగినట్టు సరిగ్గా ఆ ముక్కే లేదు.

ఆవిడ నవలల్లోని డిటెక్టివ్ పువారో సంగతి మరీ ఘోరం. 1920లో మొదటి నవల్లో అడుగుపెట్టేనాటికే ఆయన పోలీసు ఉద్యోగం నుంచి రిటైరైన పెద్దమనిషి. అంత ముసలివాణ్ణి తెచ్చి పొరపాటు చేశానని, లెక్కప్రకారం ఇప్పటికి నూరు దాటి ఉండాలని ఆవిడే తర్వాత వాపోయింది. ఆయనంటే ఆవిడకు విసుగు, పాఠకులకు ముద్దు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లోనే ఆయన చావు రాసి భద్రంగా దాచుకుని, 1975లో అచ్చుకిచ్చింది. ఆ ఆగస్టు 6న న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో సంతాపవార్త వేసింది, లేని మనిషికి! ముప్పై ఏళ్ళు బీరువాలో చచ్చిపడి ఉన్నవాడితో అవతల హత్యకేసులు తేల్పించడం ఏ న్యాయం?

మెచ్చుకున్నవాళ్ళూ లేకపోలేదు. మొదటి నవల్లో విషం వాడిన తీరు శాస్త్రీయంగా ఉందని మందులవాళ్ళ పత్రిక ఒకటి రాసింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆసుపత్రి మందులగదిలో పనిచేసిన ఆవిడ ఆ మెప్పుకు పొంగిపోయింది. 1977లో లండన్ ఆసుపత్రికి ఖతార్ నుంచి ఒక పసిపాపను తెచ్చారు. జబ్బేమిటో డాక్టర్లకు అంతుచిక్కలేదు. ఆ రోజుల్లో ఆవిడ నవల 'ది పేల్ హార్స్' చదువుతున్న నర్సు ఒకామె, ఇవి థాలియం విషం లక్షణాల్లా ఉన్నాయంది. పరీక్ష చేయిస్తే అదే. పాప బతికింది. "నేను ముందే పట్టేశాను" అని ఊరంతా చెప్పుకునే హక్కు నా లెక్కలో ఆమె ఒక్కతికే ఉంది.

నాకు లేదు. ఎందుకో ఒప్పుకోవాలి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలల కోసం మేం అద్దె పుస్తకాల కొట్టు దగ్గర కాచుక్కూచునే రోజులవి. పుస్తకాల అంచులన్నీ అభిప్రాయాలే. పన్నెండో పేజీలో ఒక పేరు చుట్టూ సున్నా, పక్కన "వీడే". అది చూసి ఒళ్ళు మండిపోయేది. అయినా ఒకసారి ఎవరి గీతా పడని కొత్త డిటెక్టివ్ నవల మొదట నా చేతికే వచ్చింది. పన్నెండో పేజీలో మేనేజరు పేరుకు పెన్సిల్‌తో సున్నా చుట్టాను. తీరా చివర్లో చూస్తే తోటమాలి. వెనక్కొచ్చి ఆ సున్నా రబ్బరుతో చెరిపేసి, తోటమాలికి చుట్టి, "నాకు ఇక్కడే తెలిసిపోయింది" అని రాసి కొట్లో ఇచ్చేశాను.

నెల పోయాక అదే పుస్తకం మళ్ళీ కంటబడింది. నా రాత కింద ఎర్రసిరాతో ఎవరో రాశారు: "ముందు మేనేజరుకు చుట్టి చెరిపారు. కాగితం ఎండకు పెట్టి చూస్తే కనిపిస్తోంది."