ఏడో తరం వాడికి పిల్లనివ్వం

పిల్లనిచ్చే ముందు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలన్నారు పెద్దలు. ఈ సంప్రదాయం మంటగలిసిపోయిందని బాధపడేవాళ్లకు శుభవార్త. మైక్రోసాఫ్ట్ వారు దాన్ని భద్రంగా కాపాడటమే కాదు, ఇంకో తరం కలిపారు కూడా. 2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చినప్పుడు పెట్టిన షరతు ప్రకారం ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరందో, ఆ తర్వాతదో అయి ఉండాలి. పైగా టీపీఎం 2.0 అనే తాళంచెవుల చిప్ ఉండాలి. ఆన్ చేసేటప్పుడు దొంగ ప్రోగ్రాములు చొరబడకుండా చూసే సెక్యూర్ బూట్ ఉండాలి. కట్నం సంగతి సరేసరి.

నా లాప్‌టాప్‌ది ఏడో తరం. 2017లో కొన్నాను. ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, దుక్కలా ఉంది. అయినా సంబంధం తప్పిపోయింది.

అలాగని వారిని మరీ కఠినాత్ములనుకుంటే కళ్లు పోతాయి. ఏడో తరంలోనూ కొందరిని ఒప్పుకున్నారు. అందులో 7820హెచ్‌క్యూ అనే లాప్‌టాప్ ప్రాసెసర్ ఒకటి. అంత అదృష్టవంతుడు ఎవరింటి పిల్లాడా అని ఆరా తీస్తే, స్వయంగా మైక్రోసాఫ్టే తయారుచేసి అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2లో తేలాడు. మేనరికానికి జాతకాలు చూడనక్కర్లేదని మా నాయనమ్మ ఊరికే అనేది కాదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు కూడా ఆగిపోయింది. ఇక ఆ లాప్‌టాప్‌కి విండోస్ బదులు వేసుకోగల, కులం, గోత్రం, తరం అడగని ఉచిత సిస్టమ్ లైనక్సే దిక్కని మా మేనల్లుడు తేల్చేశాడు. ఆదివారం సాయంత్రం పెన్‌డ్రైవ్ జేబులో వేసుకొచ్చి, విండోస్ 10ని ఒక మూల ఉండనిచ్చి, పక్కన లైనక్స్ వేశాడు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. తెర బ్రహ్మాండంగా ఉంది. కింద మూల వైఫై గుర్తు ఉండాల్సిన చోట మాత్రం ఏమీ లేదు. గీత కొట్టేసి ఉన్నా ఏదో అనుకోవచ్చు. అసలు ఆ జాగాయే లేదు.

వాడు నల్లటి కిటికీ తెరిచి ఎల్‌ఎస్‌పీసీఐ అని కొట్టాడు. లోపల ఎవరెవరున్నారో పేరుపేరునా చెప్పే కమాండ్ అట. వైఫై చిప్ ఉంది, పేరు కూడా పలికింది.

"ఉందిగా! మరి పనిచెయ్యదేం?"

"దీని ఫర్మ్‌వేర్, అంటే చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్, లేదు మామయ్యా. నెట్‌లోంచి దింపుకోవాలి."

"దింపు."

"నెట్ లేదుగా."

"నెట్ రావాలంటే?"

"వైఫై రావాలి."

పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదన్న సామెతకు ఇంత చక్కని ఉదాహరణ నా అరవై రెండేళ్ల జీవితంలో చూడలేదు. చివరికి నా ఫోన్‌ని వైరుతో లాప్‌టాప్‌కి గుచ్చి, ఫోన్ నెట్‌ని లాప్‌టాప్‌కి అరువిచ్చే యూఎస్‌బీ టెథరింగ్ పెట్టి, ఆ దారిన గండం గట్టెక్కించాడు. అప్పటికి రాత్రి పదకొండు. మా ఆవిడ ఉప్మా రెండుసార్లు వేడిచేసింది.

తప్పెవరిదని విచారించడం పౌరుడిగా నా బాధ్యత కనక విచారించాను. లాప్‌టాప్ కంపెనీ కస్టమర్ కేర్ అమ్మాయి, మేం విండోస్‌కే జవాబుదారీ సార్ అంది. చిప్ కంపెనీ వారు, మమ్మల్ని కాదు, లాప్‌టాప్ చేసినవాళ్లని అడగండన్నారు. లైనక్స్ పెద్దలు, చిప్ లోపలి వివరాలు వాళ్లు చెబితే కదా మేం డ్రైవర్ రాసేది అన్నారు. ముగ్గురూ మర్యాదగానే చెప్పారు. ముగ్గురు చెప్పిందీ నిజమే. కాబట్టి తప్పు నాదని స్పష్టమైంది.

పాఠకుల సౌకర్యం కోసం ఒక మాట. డ్రైవరంటే పెళ్లిళ్ల పేరయ్య. చిప్ భాష చిప్‌ది, ఆపరేటింగ్ సిస్టమ్ భాష దానిది. ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసి కాపురం నిలబెట్టేది ఆయనే. విండోస్ వైపు పేరయ్యను చిప్ కంపెనీయే జీతమిచ్చి పంపుతుంది. లైనక్స్ వైపు కొన్నిసార్లు ఎవరో ఒక పుణ్యాత్ముడు, పెళ్లికొడుకు ఊరూ పేరూ తెలియకుండానే, తలుపు సందులోంచి తొంగిచూసి జాతకం రాసుకోవాలి. ఇంకో తమాషా ఉంది. పెట్టె మీద మోడల్ నంబరు ఒక్కటే ఉంటుంది గానీ, ఈ లాట్‌లో ఒక కంపెనీ వైఫై చిప్, పై లాట్‌లో ఇంకో కంపెనీది బిగిస్తారు. పెళ్లిచూపుల్లో ఒకణ్ని చూపించి పీటల మీద ఇంకొకణ్ని కూర్చోబెడితే మనవైపు కర్రలు లేస్తాయి. ఇక్కడ దాన్ని సప్లై చైన్ అంటారు.

లైనక్స్ వారిలోనూ నిష్ఠాపరులున్నారు. సోర్స్ కోడ్ బయటపెట్టని ఫర్మ్‌వేర్‌ని, లైనక్స్‌ని కూర్చి పంచిపెట్టే డెబియన్ వారు ఏళ్ల తరబడి మడి వంటింట్లోకి రానివ్వలేదు. విడిగా వసారాలో ఆకు వేసేవారు. 2022లో ఓటింగు పెట్టుకుని మడి సడలించారు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది కూడా ఇన్‌స్టాలర్‌తో పాటే పంక్తిలో కూర్చుంటోంది.

వేలిముద్ర సెన్సర్ సంగతి. నా లాప్‌టాప్‌లో ఉన్నదానికి లైనక్స్‌లో పేరయ్యే లేడు. మొదట చిన్నబుచ్చుకున్నాను గానీ, ఆలోచిస్తే ఇది వయోజన విద్యా కార్యక్రమమని బోధపడింది. నా లైనక్స్‌లో వేలిముద్రగాళ్లకు చోటు లేదు. అక్షరాలు నేర్చుకుని పాస్‌వర్డ్ కొట్టాల్సిందే.

వేలంటే గుర్తొచ్చింది. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో మాట్లాడుతూ, గ్రాఫిక్స్ చిప్‌ల కంపెనీ ఎన్విడియా సహకరించడం లేదని, కెమెరాకేసి తిరిగి మధ్యవేలు చూపించాడు. ఎన్విడియా వారు తమ లైనక్స్ కెర్నెల్ డ్రైవర్ కోడ్‌ని 2022లో బయటపెట్టారు. పదేళ్లు! అదీ పైపైన. లోపలి వ్యవహారం చాలావరకు మూసిన ఫర్మ్‌వేర్‌లోనే ఉంది. ఒక్క వేలుకే ఇంత జరిగితే, రెండు చేతులెత్తి దణ్ణం పెట్టే మనలాంటివాళ్లకు ఏమీ జరగకపోవడంలో వింతేముంది?

కొత్తది కొనుక్కుంటే ఈ బాధలుండవనేవాళ్లు మా మేనల్లుడి బ్యాగు ముట్టుకుని మాట్లాడాలి. వెనకటి లాప్‌టాప్‌లు మూత వేస్తే ర్యామ్‌కి కాస్త కరెంటు ఉంచుకుని మిగతాదంతా ఆర్పేసి కుంభకర్ణుడిలా పడుకునేవి. ఇప్పటివాటికి మోడరన్ స్టాండ్‌బై అని కొత్త నిద్ర. మనవాళ్లు దాన్ని ఎప్పటినుంచో దొంగనిద్ర అంటున్నారు. కళ్లు మూసుకుంటుంది గానీ మెయిళ్లు చూస్తూనే ఉంటుంది. చాలావాటిలో పాత నిద్రని, ఆన్ చెయ్యగానే మొదట లేచే బయాస్ అనే ప్రోగ్రామ్‌లోంచే తీసేశారు. వాడు మియాపూర్‌లో మూతేసి మెట్రో ఎక్కితే, రాయదుర్గంలో దిగేసరికి వీపుకి కాపడం పెట్టినట్టవుతోంది. బ్యాటరీ సగం. ఈ విషయంలో విండోస్, లైనక్స్ అనే తేడా లేదు. సమసమాజం.

ఆపిల్ వారి ఇంట సంబంధాల గొడవే లేదు, ఇల్లరికం తప్ప వేరే సంబంధం చూడరు. 2020లో సొంత ఎం1 చిప్ తెచ్చినప్పుడు, విండోస్ వేసుకునే బూట్ క్యాంప్ దారి మూసేశారు. అయినా ఆ చిప్‌ల మీద లైనక్స్ నడిపించే అసాహి లైనక్స్ బృందం గోడ దూకింది. కోడ్ పొరపాటున స్పీకర్లు కాలిపోతాయేమోనని, కాపలా ప్రోగ్రామ్ రాసుకునేదాకా వాటిని మోగనివ్వలేదు. ఇంత ఒద్దికైన దొంగల్ని నేనెక్కడా చూడలేదు.

ఇక గడియారం. పత్రికాఫీసు వారికి నా వ్యాసం యూనికోడ్‌లో పనికిరాదు, పాత ఫాంటులోకి మార్చి పంపాలి. ఆ మార్చే సరంజామా నా దగ్గర విండోస్‌లోనే ఉంది. అందుకే దాన్ని ఒక మూల ఉండనిచ్చింది. మదర్‌బోర్డు మీది గడియారంలో లైనక్స్ గ్రీన్‌విచ్ టైము రాస్తుంది. తనకు ముందటి డాస్ నాటి అలవాటుతో విండోస్ అదే మన టైము అనుకుంటుంది. తేడా కచ్చితంగా అయిదున్నర గంటలు. ఉదయం టిఫిను చేసి తొమ్మిదింటికి విండోస్ తెరిస్తే తెల్లవారుజాము మూడున్నర అంటుంది. రాహుకాలం చూసుకునే మా ఆవిడ ఆ లాప్‌టాప్ దరిదాపులకు రావడం మానేసింది.

పోయిన వారం సంపాదకుడు ఫోన్ చేశాడు. "ఫైల్ మీద టైము చూశానండీ. ఈ వయసులో మూడున్నరకి లేచి రాస్తున్నారంటే..." అని గొంతు గద్గదమై, పారితోషికం పెంచుతానన్నాడు. గడియారం సరిచెయ్యడానికి ఒకే ఒక్క లైను కమాండ్ ఉందిట. మేనల్లుడు కాగితం మీద రాసిచ్చాడు కూడా. ఆ కాగితం ఎక్కడ పెట్టానో కనబడటం లేదు.