పప్పు పలచన, పౌడర్ చిక్కన

మానవ పోషణ శాస్త్రానికి మనవాళ్లు చేసిన సేవ ఇంకా చరిత్రకెక్కలేదు. ఆ లోటు తీర్చే బాధ్యత నా నెత్తిన పడింది.

ముందుగా మా కాలనీ పార్కు. పొద్దున్న ఐదున్నరకల్లా వాకర్లు చేరతారు. నాలుగు రౌండ్లు, దారి పొడవునా రాజకీయాలు, చివర్లో చేతులు పైకెత్తి మూకుమ్మడి నవ్వులు. ఏడింటికల్లా అందరూ గేటు పక్క పునుగుల బండి దగ్గర తేలతారు. దీన్ని జిహ్వచాపల్యం అనేవాళ్లకి శాస్త్రం తెలియదు. ఇది నష్టపరిహారం. డెబ్భై కిలోల మనిషి అరగంట వడివడిగా నడిస్తే సుమారు 140 కేలరీలు ఖర్చవుతాయి. కొవ్వులో గ్రాముకి 9 కేలరీలు. అంటే మూడు చిన్న చెంచాల నూనె పడితే లెక్క దాదాపు చెల్లు. మావాళ్లు వడివడిగా నడవరు (నడిస్తే ప్రభుత్వాన్ని ఎవరు తిడతారు?) కాబట్టి రెండు చెంచాలు చాలు. బండి అబ్బాయి మాత్రం పెద్ద మనసుతో నాలుగు పునుగులు కొసరు వేసి, రేపటి నడక్కి కూడా అడ్వాన్సు కట్టేస్తాడు.

ఇక భోజనం. కంచం మధ్యలో అన్నం కొండ, కొండ కింద పల్లెలా ఓ చెంచాడు కూర. పప్పు సంగతి అడక్కండి. మా ఇంట్లో అది చారుకి అక్కో చెల్లో తెలియని స్థితిలో ఉంటుంది. ఇద్దరు చుట్టాలొస్తే గిన్నెలో నీళ్లు పెరుగుతాయి కానీ పప్పు పెరగదు.

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకి పుట్టి, 1958లో మన ఊరికొచ్చింది. బెరిబెరి అంటే తెల్లగా పాలిష్ పట్టిన బియ్యమే దిక్కుగా బతికేవాళ్లకి వచ్చే జబ్బు. మల్లెపూవులాంటి అన్నం ఉంటే కూర లేకపోయినా సర్దుకునే జాతిని ఆ సంస్థ వెతుక్కుంటూ రావడంలో నాకేమీ ఆశ్చర్యం లేదు. ఆ సంస్థ 2024లో మార్గదర్శకాలు ఇస్తూ, రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దంది. మన దేశంలో అది 50 నుంచి 70 శాతం. మనం ఎవరికన్నా వెనకబడ్డామని ఇకమీదట ఎవరూ అనకూడదు. ఉప్పు రోజుకి 5 గ్రాములు మించొద్దని కూడా రాశారు. ఆ పేజీ ఆవకాయ జాడీ ఉన్న గదిలో చదవడం మర్యాద కాదు.

ఈ నేపథ్యంలో మా అబ్బాయి జిమ్‌లో చేరాడు.

"అమ్మా, నాకు పప్పు వెయ్యకు. ప్రోటీన్ కావాలి నాకు."

"పప్పులో ఉండేది అదే అని ఏడో క్లాసులో బట్టీ పట్టావు కదరా?"

"అది సిలబస్ అమ్మా. ఇది జిమ్."

మర్నాడు బిందె సైజులో పౌడర్ డబ్బా దిగింది. ధర విని మా ఆవిడ దాన్ని కందిపప్పు కిలోల్లోకి మార్చి, కాసేపు కుర్చీలో కూర్చుండిపోయింది. నేను తండ్రిగా విజ్ఞానం పంచబోయాను. అరవై అయిదు కిలోల మగవాడికి రోజుకి 54 గ్రాముల ప్రోటీన్ చాలురా, వంద గ్రాముల కందిపప్పులో 22 దాకా ఉంటుంది, వేరుశనగల్లో 25, గుడ్డుకి 6 అన్నాను. ప్రోటీన్‌ని కట్టే ఇటుకల్లో బియ్యంలో లైసిన్ అనేది తక్కువ, పప్పులో మెథియోనిన్ అనేది తక్కువ, ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది, మూడు పాళ్ల ధాన్యానికి ఒక పాలు పప్పు పడితే జాతకాలు కుదిరినట్టే అన్నాను. బరువులెత్తకుండా పౌడర్ తాగితే అది కండగా మారదనీ, కండలకోసం ఆ పౌడర్లు వద్దని తార్నాకవాళ్లే చెప్పారనీ కూడా అన్నాను.

"వాళ్లకి ఫాలోయర్లు ఎంతమంది నాన్నా?"

నా దగ్గర సమాధానం లేదు. పైగా అప్పుడు నా నోట్లో పునుగు ఉంది.

రెండు నెలలకి డబ్బా ఖాళీ అయింది. అబ్బాయి చేతులు ఎలా ఉండేవో అలాగే ఉన్నాయి, ఫోటోల్లో వెలుతురు మాత్రం బాగా మెరుగుపడింది. అంత గట్టి డబ్బాని పారేయడానికి మా ఆవిడకి చేతులు రాలేదు. కడిగి, ఎండబెట్టి, నిండా కందిపప్పు పోసింది. లోపలున్న స్కూపే ఇప్పుడు కొలత, మనిషికి ఒకటిన్నర. ముప్పై ఏళ్లుగా పిడికిలితో వేస్తూ వచ్చిన పప్పు ఒక్కసారిగా చిక్కబడింది.

నిన్న రాత్రి వాడు వంటింట్లోకి తొంగిచూసి, గట్టు మీది డబ్బానీ దానిమీది కండల వీరుణ్నీ ఓసారి చూసి, మారు పప్పు అడిగి వేయించుకున్నాడు.