పీసీఎం పక్కన కూర్చునే నాలుగో అక్షరానికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నాలుగో అక్షరంగారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఆచారం గనక రాశాను. మే నెల, ఎస్సెస్సెల్సీ ఫలితాలు వచ్చేశాయి, ఇంట్లో పదో తరగతి గట్టెక్కిన పిల్ల ఉంది. ఇక కుశలం ఎక్కడిది?

తమరిని పేరు పెట్టి పిలుద్దామంటే తమకొక పేరంటూ లేదు. బెంగళూరులో పీయూసీ (అంటే మన ఇంటర్) సైన్సు అనగానే ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ దాదాపు ఖాయం. నాలుగో కుర్చీలోనే తమరు రోజుకో వేషంలో దర్శనమిస్తారు. బయాలజీ అయితే బీ, కంప్యూటర్ సైన్స్ అయితే సీ, ఎలక్ట్రానిక్స్ అయితే ఈ, స్టాటిస్టిక్స్ అయితే ఎస్. మొత్తం 600 మార్కుల్లో తమ వాటా 100. రెండు భాషలకు కలిపి 200 ఉన్నాయి గానీ, వాటి గురించి మా ఇళ్ళలో ఎవరూ గొంతు పెంచరు. ఆ భాషల జాబితాలో తెలుగు కూడా ఉందని చెబితే మావాళ్ళు "నిజంగానా!" అని మురిసిపోయి, మార్కులొస్తాయని సంస్కృతం తీసుకుంటారు. తమ వంద దగ్గరికి వచ్చేసరికి మాత్రం నెల్లూరు నుంచి మా పెద్దమ్మ, హైదరాబాదు నుంచి బావగారి తమ్ముడు, ఎవరో తెలియని మరొకాయన కూడా ఫోన్లు చేస్తారు.

నేను మారతహళ్ళిలో ఉండే మేనమామని. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను గనక చదువుల మీద తీర్పు చెప్పే అర్హత నాకుందని కేఆర్ పురంలో ఉండే మా అక్క నమ్మకం. తీర్పు చెప్పమంటుంది. వినమంటే మాత్రం వినదు.

మా రోజుల్లో, మా ఊళ్ళో, తమ బెడద లేదు. ఎంపీసీ, బైపీసీ. లెక్కలొస్తే ఇటు, రాకపోతే అటు. ఒక్క మాటలో జీవితం తేలిపోయేది. ఇక్కడికి వచ్చాక "లెక్కలూ ఉంటాయి, బయాలజీ కూడా ఉంటుంది" అని విని మావాళ్ళు పొందిన ఆనందం చెప్పనలవి కాదు. పెళ్ళి భోజనంలో ఆకు మీదికి వచ్చినవన్నీ వడ్డించుకుని, ఏదీ తినకుండా లేచిపోయే పెద్దమనుషులుంటారే, ఆ మోస్తరుగా పీసీఎంబీ రాయించేస్తున్నారు.

"అక్కా, అది మెడిసిన్‌కి వెళ్తానందా?"

"అబ్బే. రక్తం చూస్తే కళ్ళు తిరిగి పడిపోతుంది."

"మరి బీ దేనికి?"

"రేపు మనసు మారితే?"

పదిహేనేళ్ళ పిల్ల మనసు మారితే మారొచ్చు. నలభై ఐదేళ్ళ మా అక్క మనసు మారే ఆశ మాత్రం నాకు లేదు.

బీగారూ, తమ గొప్పతనం నేను కాదనను. నీట్‌లో 720కి 360 మార్కులు తమవే. అంటే సగం రాజ్యం తమది. డాక్టరీ కావాలనుకునేవాళ్ళకి తమరు ప్రాణం. వ్యవసాయం, పశువైద్యం సీట్లు కోరేవాళ్ళు కూడా కర్ణాటక ప్రవేశ పరీక్ష కేసీఈటీలో బయాలజీ రాయక తప్పదు. వాళ్ళందరికీ నా దండం. నా గొడవల్లా తమరిని ప్రేమించకుండా పెళ్ళాడేవాళ్ళతో. ఇంజనీరింగ్ ర్యాంకు లెక్కలో తమరి ఊసే లేదు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్‌లో సెకండ్ పీయూ మార్కులు సగం, కేసీఈటీ మార్కులు సగం, అంతే. బీటెక్ కోసం రాసే జేఈఈలోనూ తమరి అలికిడి లేదు. తలుపు మూసుకుపోతుందేమోనన్న బెంగ ఉంటే, పన్నెండో తరగతి అయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా రాసి పాసైనవాళ్ళూ నీట్‌కి అర్హులేనని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులోనే చెప్పింది. ఈ సంగతి అక్కకి ఉత్సాహంగా చెప్పాను. "ఇవాళ అలా అంటారు, రేపు మార్చేస్తారు" అంది. ఈ దేశంలో ప్రవేశ పరీక్షల చరిత్ర కాస్తో కూస్తో తెలిసినవాణ్ణి గనక ఎదురు చెప్పలేకపోయాను.

మా అపార్టుమెంటు మూడో అంతస్తులో ఒక కుర్రాడున్నాడు. వాడికి కావల్సింది ఇంజనీరింగ్, వాడికి రాసిపెట్టింది పీసీఎంబీ. రాత్రి పదకొండింటికి వాళ్ళింటికి ఏదో పనిమీద వెళ్తే డైనింగ్ టేబుల్ మీద కనిపించాడు. మోచేతి కింద జేఈఈ మాడ్యూలు, ముందు బయాలజీ రికార్డు. ద్విదళబీజ కాండం అడ్డుకోత వేస్తున్నాడు. నాళికాపుంజాలు గుండ్రంగా పేర్చుకుంటూ రావాలి, పేర్లు రాసే గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు. అది రెండోసారట. మొదటిసారి బిడ్డ అలిసిపోయాడని వాళ్ళమ్మ పెన్సిల్ తీసుకుని, ముగ్గులు పెట్టిన చెయ్యి కదా, బొమ్మకి చక్కగా షేడింగ్ ఇచ్చింది. బయాలజీ రికార్డులో షేడింగ్ పనికిరాదని లెక్చరర్‌గారు పేజీ అడ్డంగా కొట్టేశారు. ఆవిడ ఇంకా ఆ అవమానం నుంచి తేరుకోలేదు. "అంత బాగా వేస్తే కొట్టేస్తారా అండీ?" అని నన్నే అడిగింది. వాడు తలెత్తకుండా గీతలు గీసుకుంటున్నాడు.

సీగారి సంగతి పెద్దగా లేదు. కంప్యూటర్ ఇంజనీరింగ్ చదవాలంటే తమరుండి తీరాలని మావాళ్ళొక పుకారు నమ్ముతారు. అక్కర్లేదు. మా ఆఫీసులో నా చుట్టూ కూర్చునేవాళ్ళలో మెకానికల్‌వాళ్ళున్నారు, సివిల్‌వాళ్ళున్నారు, ఒకాయన టెక్స్‌టైల్. అయినా తమరిలో ఒక సుగుణం ఉంది. రికార్డులో కాండాలు గీయించరు. జేఈఈ మీద కూర్చున్న పిల్లలకి అదే పదివేలు.

ఇక ఈగారు, ఎస్‌గారు. మిమ్మల్ని చూద్దామనే అక్కతో, మేనకోడలితో కలిసి మారతహళ్ళి దగ్గరి ఒక కాలేజీకి వెళ్ళాను. గోడ నిండా ర్యాంకర్ల ఫోటోలు, గది నిండా ఏసీ చలి. పీఆర్వో మొదట కన్నడంలో పలకరించి, మా మాట వినగానే "మనోళ్ళేనా సార్!" అని తెలుగులోకి దిగిపోయాడు. ఆ తర్వాత దేనికీ బేరం లేదు. ఫారం తీసి మా ముందు పెట్టాడు. కాంబినేషన్ అన్నచోట నాలుగు గళ్ళు. అతను పెన్ను తీసి, మాట్లాడుతూ మాట్లాడుతూనే, చివరి రెండు గళ్ళ మీద అడ్డంగా ఒక్క గీత లాగేశాడు.

"అవేంటి, కొట్టేశారు?" అన్నాను.

"ఆ రెండూ ఫారంలో ఉంటాయి సార్, కాలేజీలో ఉండవు."

"ఎందుకని?"

"అడిగేవాళ్ళు లేరు సార్."

అడిగేవాళ్ళు లేరు గనక లెక్చరర్లని పెట్టరు, లెక్చరర్లు లేరు గనక ఎవరూ అడగరు. ఈ ఊరు ఎలాంటిదో చూడండి ఈగారూ. 1948లో దేశానికి టెలిఫోన్లు చేయడానికి ఐటీఐ ఫ్యాక్టరీ పెట్టింది మా అక్కావాళ్ళింటి పక్కన దూరవాణి నగర్‌లో. 1954లో రాడార్ల బీఈఎల్ పుట్టిందిక్కడ. ఇస్రో ప్రధాన కార్యాలయం ఇక్కడే. ఎస్పీ రోడ్డుకి వెళ్తే రెసిస్టర్లు, కెపాసిటర్లు అమ్మే కొట్లు వరసగా ఉంటాయి. ఈ ఊళ్ళో పదహారేళ్ళ పిల్ల ట్రాన్సిస్టర్ గురించి కాస్త విడిగా చదువుకుంటానంటే, అడిగేవాళ్ళు లేరు సార్.

ఎస్‌గారూ, తమ అవస్థ చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అదే గదిలో, అదే గోడ మీద, "ఏఐ, డేటా సైన్స్ యుగానికి మీ బిడ్డ సిద్ధమా?" అని నిలువెత్తు పోస్టర్ ఉంది. దాని కిందే కూర్చుని ఆయన స్టాటిస్టిక్స్ గడి కొట్టేశాడు. 1920లో ఇదే కర్ణాటకలోని హడగలిలో, తెలుగింట పుట్టిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారి గురించి దారిలో అక్కకి చెప్పుకొచ్చాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి, కలకత్తా వెళ్ళి స్టాటిస్టిక్స్ పట్టుకున్నారు. 1945లో, పాతికేళ్ళు కూడా నిండకుండా ఆయన అచ్చేసిన పేపరు నుంచి వచ్చిన క్రామర్–రావు హద్దు, అంటే ఒక అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో చెప్పే సూత్రం, ఇవాళ్టికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. 102 ఏళ్ళ వయసులో, 2023లో, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. అక్క అంతా శ్రద్ధగా విని, "ఆయన రోజుల్లో నీట్ లేదుగా" అంది.

ఎవరూ అడగలేదు గానీ, మా మేనకోడలికి ఏం ఇష్టమో నాకు తెలుసు. బోర్లు ఎండిపోయి ఊరంతా ట్యాంకర్ల మీద బతికిన 2024 వేసవిలో, వాళ్ళ బిల్డింగుకి వచ్చే ప్రతి ట్యాంకరు దగ్గరా ఇది నిలబడింది. సంపులో వెదురుకర్ర దించి, నీళ్ళు పోయకముందు ఎంత, పోసాక ఎంత, నోటుబుక్కులో రాసింది. ట్యాంకరు నంబరు, వచ్చిన వేళ, డబ్బు. నెల తిరిగేసరికి ఒక ట్యాంకరు ఎప్పుడూ తక్కువే పోస్తోందని గీతలు గీసి అసోసియేషన్ మీటింగులో చూపించింది. ట్యాంకరువాణ్ణి మార్చారు. మా బావ దాన్ని "అల్లరి" అన్నాడు. పీఆర్వో ముందు కూర్చున్నప్పుడు ఆ పిల్లే కొట్టేసిన గడి మీద వేలు పెట్టి "మామయ్యా, ఎస్‌లో ఏం చెబుతారు?" అనడిగింది. నేను నోరు తెరిచేలోపు పీఆర్వో అందుకున్నాడు: "అది కామర్స్ పిల్లలకమ్మా. నువ్వు చెప్పు, డాక్టరా, ఇంజనీరా?"

ఈ ఊళ్ళో పాత కాలేజీలు కొన్నింటిలో తమరింకా బతికే ఉన్నారు. జయనగర్‌లో ఒకదాని గురించి కనుక్కున్నాను కూడా. కేఆర్ పురంలో పర్పుల్ లైన్ ఎక్కి, మెజెస్టిక్‌లో దిగి, గ్రీన్ లైన్ మారాలి. "స్టాటిస్టిక్స్ కోసం రెండు మెట్రోలా!" అన్నాడు బావ. నీట్ కోచింగ్ కోసమైతే పిల్లని రాజస్థాన్ పంపడానికి సిద్ధపడ్డ మనిషే. ఆ సాయంత్రం బీ గడిలో టిక్కు పడింది. పెట్టింది పీఆర్వో.

అందుచేత ఎస్‌గారూ, తమకొక విన్నపం. మైసూరు రోడ్డు మీద ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారి కేంద్రం ఉందని, అక్కడ సీటు ఎంత గొప్పో చెబుతూ కూర్చుంటే లాభం లేదు. అక్కడ చేరడానికైనా తమరు అక్కర్లేదు, మ్యాథ్స్ చాలు. పరువుకి పోకుండా రేపే పేరు మార్చుకోండి. "ఏఐ ఫౌండేషన్, ఇంటిగ్రేటెడ్" అని పెట్టుకుని ఆ పోస్టర్‌లోకి ఎక్కేయండి. సిలబస్ ముట్టుకోనక్కర్లేదు, సగటు, సంభావ్యత అవే ఉండనివ్వండి. మా బావ సంక్రాంతికే అడ్వాన్సు కట్టేస్తాడు. ఫీజు మాత్రం బయాలజీ కన్నా ఎక్కువ పెట్టండి. తక్కువైతే ఆయన మళ్ళీ నాకు ఫోన్ చేసి, "ఇందులో ఏదో మతలబుంది బావమరిదీ" అంటాడు.

ఇట్లు,
ఒక మేనమామ,
మారతహళ్ళి.