సవరణ: ఆత్రేయ మనవైపు ఆయన కాదు

మొన్న సినీకవి ఆచార్య ఆత్రేయ గురించి రాస్తూ ఆయన మన గోదావరి మనిషేననీ, రాయడం మొదలుపెట్టిందే సినిమా పాటలతోననీ అనేశాను. రెండూ తప్పే.

పాలకొల్లు నుంచి మా బాబాయ్ ఫోన్ చేసి వాయించేశాడు. కుర్రతనంలో సంక్రాంతి పందిట్లో ఆత్రేయ రాసిన ‘ఎన్జీఓ’ (నాన్ గెజిటెడ్ ఆఫీసర్, అంటే చిరుద్యోగి) నాటకంలో గుమాస్తా వేషం కట్టినవాడు, మోచేతి దగ్గర చిరిగిన చొక్కా కోసం ఊరంతా తిరిగానని ఇప్పటికీ చెబుతాడు, ఆయన ముందు నా తెలివి ఏపాటి!

ఆత్రేయది అప్పటి నెల్లూరు జిల్లా, సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడు. అసలు పేరు కిళాంబి వెంకట నరసింహాచార్యులు. ముందు నాటకాలే: ‘ఎన్జీఓ’, ‘కప్పలు’, ‘భయం’, ‘విశ్వశాంతి’. తొలి సినిమా పాట ఆ తర్వాత 1951లో ‘దీక్ష’కి, ‘పోరా బాబు పో’. అంటే నేను రాసిన వరసే తలకిందులు. 1961లో ‘వాగ్దానం’కి దర్శకత్వం కూడా చేశారు, అదీ నేను వదిలేశాను.

మనసు మీద ఆయన రాసిన పాటలు విని విని, ఆయనలోని నాటకాల మనిషిని మర్చిపోయాను. పాత పోస్టులో కూడా మార్చేశాను. బాబాయ్, ఇక తిట్టకు.