సర్వర్ మూతపడినా పాడే స్ట్రీమర్ కావాలి

సీడీ ప్లేయర్‌ను తీసేసి దాని స్థానంలో నెట్‌వర్క్ మ్యూజిక్ స్ట్రీమర్ (ఇంటర్నెట్ నుంచో, ఇంట్లోని హార్డ్ డిస్క్ నుంచో పాటలు తెచ్చి వినిపించే పెట్టె) పెట్టుకోవాలనుకునేవారు ముందుగా అడిగేది శబ్ద నాణ్యత తగ్గుతుందా అని. ఈ వ్యవహారంలో ఇప్పటికే తేలిపోయిన ప్రశ్న ఏదైనా ఉంటే అది ఇదే. 1982లో జపాన్ మార్కెట్లోకి వచ్చినప్పటి నుంచి సీడీలో ఉండేది సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కో నమూనాకు 16 బిట్లు. రెండు ఛానళ్లకూ కలిపి సెకనుకు సుమారు 1,411 కిలోబిట్లు. ఇదే సమాచారాన్ని ఫ్లాక్ పద్ధతిలో ఒక్క బిట్టూ పోకుండా ఇంచుమించు సగానికి కుదించి పంపవచ్చు. ఆపిల్ మ్యూజిక్ 2021లోనే అదనపు రుసుము లేకుండా ఈ స్థాయి ఇవ్వడం మొదలుపెట్టింది. దారిలో ఒక ప్యాకెట్ తప్పిపోతే మళ్లీ అడిగి తెప్పించుకునే ఏర్పాటు నెట్‌వర్క్‌లోనే ఉంది కనుక, సంగీతానికి ప్రత్యేకమంటూ వేలు గుంజే లాన్ కేబుళ్ల జోలికి వెళ్లనక్కర్లేదు.

ఫోన్ నుంచి బ్లూటూత్‌లో స్పీకరుకు పంపితే సరిపోదా అన్న సందేహం సహజమే. అలా పంపినప్పుడు పాట సాధారణంగా మరోసారి కుదింపునకు లోనై, ఎంతో కొంత నష్టపోతుంది. స్ట్రీమర్ పాటను తానే నేరుగా తెచ్చుకుంటుంది; ఫోన్ రిమోట్‌గా మాత్రమే పనిచేస్తుంది. మధ్యలో కాల్ వచ్చినా పాట ఆగదు.

పాత ప్లేయర్‌ను ఎన్నాళ్లని నిలబెట్టుకోగలం అన్నదీ ఆలోచించాల్సిందే. మరమ్మతు కోసం హైదరాబాద్‌లోని కోఠి గుజరాతీ గల్లీకి తీసుకెళితే ‘లెన్స్ పోయింది’ అనే మాట వినని సీడీ ప్లేయర్ యజమాని అరుదు. పాత మోడళ్లకు సరిపోయే లెన్స్ యూనిట్లలో చాలావాటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఖరీదైన ప్లేయర్లకు పేరుపడ్డ స్కాట్లాండ్ సంస్థ లిన్ 2009లోనే సీడీ ప్లేయర్ల తయారీకి స్వస్తి చెబుతున్నట్లు ప్రకటించింది. కాబట్టి మారడం తప్పు కాదు. కానీ లెన్స్ పాడైతే పోయేది ఒక పరికరం. స్ట్రీమర్ వెనక ఉన్న కంపెనీ సర్వర్ మూతపడితే, చక్కగా పనిచేస్తున్న పరికరాలన్నీ ఒకే రోజున పనికిరాకుండా పోవచ్చు. కొనేవారు డిజిటల్ సమాచారాన్ని శబ్ద సంకేతంగా మార్చే డాక్ చిప్ పేరు గురించి తీసే ఆరాలో సగమైనా దీని గురించి తీయడం లేదన్నదే నా అభ్యంతరం.

ఇందుకు స్క్వీజ్‌బాక్స్ అనే పాత స్ట్రీమర్ కథే మంచి ఉదాహరణ. దాన్ని తయారుచేసిన స్లిమ్ డివైసెస్‌ను లాజిటెక్ 2006లో కొన్నది, 2012లో ఆ శ్రేణికి మంగళం పాడింది, 2024లో ఆన్‌లైన్ సర్వర్‌ను కూడా మూసేసింది. అయినా ఆ పెట్టెలు నేటికీ పాడుతున్నాయి. ఇంట్లోని కంప్యూటర్లో నడిచే వాటి సర్వర్ సాఫ్ట్‌వేర్ మొదటి నుంచీ ఓపెన్ సోర్స్ (ఎవరైనా తీసుకుని మార్చుకోగలది) కావడం, అభిమానులు దాన్ని లిరియన్ పేరుతో కొనసాగించడమే అందుకు కారణం. కాబట్టి దుకాణంలో వేయవలసిన ప్రశ్న ఒకటే: ఇంటర్నెట్ లేకుండా, కంపెనీ ఖాతాలోకి లాగిన్ కాకుండా, ఇంట్లోని హార్డ్ డిస్క్‌లో ఉన్న పాటను ఇది పాడగలదా? వేర్వేరు కంపెనీల పరికరాలు ఇంటి నెట్‌వర్క్‌లో పాటలు పంచుకునేందుకు పెట్టుకున్న డీఎల్ఎన్ఏ వంటి ఉమ్మడి ప్రమాణాలను పాటించే పరికరం ధర తక్కువదైనా నా దృష్టిలో మేలైనది.

స్ట్రీమింగ్ సేవల్లో దొరికే పాటల సంగతీ ఇంతే. 2019లో స్పాటిఫై భారత్‌కు వచ్చిన కొద్ది నెలలకే సంగీత సంస్థ సరిగమతో తలెత్తిన వివాదం ఢిల్లీ హైకోర్టుకు చేరి, ఆ సంస్థ పాటలు అక్కడి నుంచి తొలగిపోయాయి. ఒప్పందం కుదిరి అవి తిరిగి రావడానికి 2020 దాకా పట్టింది. హెచ్‌ఎంవీ నాటి తెలుగు పాటల భాండాగారం సరిగమదే కదా. ఆ ఏడాదంతా ఇంట్లో సీడీ ఉన్నవారికి ఈ తగాదాతో పనే లేకపోయింది.

అందుచేత స్ట్రీమర్ కొనడానికి ముందే డిస్కులను ఫ్లాక్‌లోకి ఎక్కించుకోవడం మేలు. ఒక్కో సీడీ దాదాపు 300 నుంచి 400 ఎంబీ తీసుకుంటుంది. మూడు వందల డిస్కులున్న బీరువా కూడా 120 జీబీ దాటదు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వంటి ప్రోగ్రామ్ గీతలు పడ్డ చోటును పదే పదే చదివి, ఇతరులు అదే డిస్కు నుంచి పొందిన ఫలితంతో సరిపోల్చి చూస్తుంది. అసలు శ్రమ పేర్లు పెట్టడంలో ఉంది. ఆన్‌లైన్‌లో దొరికే వివరాల్లో కర్ణాటక సంగీతపు డిస్కులకు వాగ్గేయకారుడి చోట గాయకుడి పేరు కనిపిస్తుంది, రాగం చాలాసార్లు ఉండదు, ఒకే కృతికి ఇంగ్లిషు అక్షరాల్లో నాలుగు వర్ణక్రమాలుంటాయి. ఓపికగా తెలుగులో రాసుకుంటే తప్ప తర్వాత వెతికినా దొరకదు. ఇంకొకటి: రాగం, తానం, పల్లవి మూడు ట్రాకులుగా ఉన్న డిస్కును కొన్ని స్ట్రీమర్లు ట్రాకు మారిన చోటల్లా క్షణం ఆగి పాడతాయి. అతుకులు లేకుండా పాడగలదో లేదో కొనేచోటే వినిపించమని అడగాలి.

ఎక్కించడం అయ్యాక మరో హార్డ్ డిస్క్‌లోనూ ఒక ప్రతి ఉంచాలి. డిస్కులను మాత్రం అమ్మకూడదు. మన కాపీరైట్ చట్టం సెక్షన్ 52 సొంత వాడకానికి సముచిత వినియోగాన్ని అనుమతిస్తుంది. డిస్కును వేరొకరికి అమ్మేసి ప్రతిని మనం ఉంచుకుంటే ఇది సొంత వాడకమే అన్న వాదన బలహీనపడుతుంది. పైగా స్ట్రీమింగ్ సేవల్లో పాత పాటలకు తరచూ కొత్తగా మెరుగులు దిద్దిన రూపమే దొరుకుతుంది. తొంభైల్లో సీడీగా వచ్చిన పాత రూపం కోసం ఆ డిస్కునే ఆశ్రయించవలసి రావచ్చు.