పొలంలోనూ లేఆఫ్‌లు పెట్టాలి

మన రైతు బద్ధకస్తుడని లెక్కలు తేల్చేశాయి. దేశంలో పనిచేసేవాళ్లలో దాదాపు 46 శాతం మంది వ్యవసాయంలోనే ఉన్నారు. అంతమంది కలిసి దేశ ఆదాయంలో తెచ్చేది సుమారు 18 శాతం. అమెరికాలో రెండు శాతం మంది కూడా లేకుండానే దేశమంతటికీ తిండి పెట్టి, మిగిలింది ఓడలకెత్తుతున్నారు. (వాళ్ల పత్తి సబ్సిడీల మీద బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కి గెలిచిన సంగతి ఇక్కడ అనవసరం.) అర్ధరాత్రి కరెంటొస్తే మోటారు వేయడానికి లేచే మనవాడు ఇంకాస్త ముందు లేవాలి కాబోలు.

ఉత్పాదకత కొలవడానికి నిపుణుల సూత్రం సులువైనదే. వచ్చిన విలువను మనుషుల సంఖ్యతో భాగించాలి. ఫ్యాక్టరీ వంద మందిని ఇంటికి పంపిస్తే ఉత్పాదకత పెరిగినట్టు. ఆ వంద మందీ మూటాముల్లె సర్దుకుని ఊరొచ్చి నాన్న పొలంలో దిగితే వ్యవసాయ ఉత్పాదకత పడిపోయినట్టు. 2018-19లో 42.5 శాతం ఉన్న వ్యవసాయ శ్రామికుల వాటా 2019-20కి 45.6 అయింది. లాక్‌డౌన్‌లో నగరం పొమ్మన్నవాళ్లను పొలం రమ్మంది. తప్పు పొలానిదే, రెజ్యూమె అడగకుండా చేర్చుకుంది! పైగా దేశ జీడీపీ కుంగిన 2020-21లో వ్యవసాయం మాత్రం సిగ్గులేకుండా పెరిగింది.

కాబట్టి సేద్యానికీ ఓ హెచ్‌ఆర్ విభాగం కావాలి. మన సగటు కమతం 2015-16 లెక్కల్లో 1.08 హెక్టార్లు, అంటే రెండెకరాల 27 గుంటలు. అందులో కలుపు తీసే అత్తగారికి ముందుగా నోటీసివ్వాలి. ఆవిడ కూలి తీసుకోదు గానీ తలల లెక్కలో ఉంది.

నోటీసివ్వడానికి ధైర్యం చాలనివాళ్లకు ఐర్లాండ్ మార్గం ఉంది. 2015లో తమ జీడీపీ ఏకంగా 26 శాతం పెరిగిందని ఆ దేశం ప్రకటించింది. కొత్త ఫ్యాక్టరీ గొట్టాలేవీ లేవలేదు. పన్ను తక్కువని బహుళజాతి కంపెనీలు పేటెంట్లలాంటి ఆస్తులను కాగితాల మీద అక్కడికి మార్చాయి, అంతే. ఐరిష్ కార్మికుడు నిద్రలోనే ప్రపంచాన్ని మించిపోయాడు. చివరికి ఆ అంకెను నమ్మలేక వాళ్ల గణాంక శాఖే వేరే కొలత పెట్టుకుంది.

మన పట్టాదారు పాస్‌బుక్కులూ ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌కు మార్చేస్తే సరి. అక్కడ వరి పండదని కొందరి అభ్యంతరం. వెళ్లేది కాగితాలే కదా, నాట్లు ఇక్కడే వేసుకుంటాం. ఒక్కటే చిక్కు: సర్వే నంబరు తప్పు పడితే దిద్దించుకోవడానికి డబ్లిన్ దాకా వెళ్లాలి. తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లకు అదేమంత దూరం కాదు.